కాంతిని పట్టుట, ధ్వనిని పట్టుట

అనంతగిరి కొండలలో జన్మించి తూర్పు సముద్రమును చేరు శారదానదిపై రైవాడ జలాశయము నిర్మింపబడిన ప్రాంతమున, చోడవరమునకు చేరువలో, పూర్వము విశాఖపట్టణము జిల్లాలోను 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలోను చేరియున్న దేవరాపల్లి, ఛాయాగ్రహణము నేర్వగోరు వానికి చక్కని పాఠశాల. కొండ, నీరు, చెరకుతోట, బెల్లము వండు పాక, అమ్మవారి జాతర, తప్పెటగుళ్ల ఆట మొదలైన వన్నియు ఆ పరిసరములలోనే లభించుటచేత, కాంతి యెన్ని విధముల మారునో, ధ్వని యెన్ని రూపముల వినవచ్చునో, ఆ మార్పులకు ఏ సాధనము నిలుచునో, ఏది నిలువదో అచట కన్నులారా చూచి తెలిసికొనవచ్చును.

నేడు ఆ పల్లెలలో కెమేరా గల ఫోను జేబులో లేని యువకుడు అరుదు. తన ఊరి బెల్లపు వంటనో, తాత పాడు పదమునో, అక్క పెండ్లినో చిత్రీకరించి నలుగురికి చూపవలెనను ఉత్సాహము కలుగగానే అతడు అనకాపల్లికో విశాఖపట్టణమునకో బస్సెక్కి, దుకాణమున నిలిచి, “ఏ కెమేరా మంచిది?” అని యడుగును. ఇంతమాత్రపు ప్రశ్నకు ఎవ్వరును సమాధానము చెప్పజాలరు. ఏ వెలుతురులో, ఎంత దూరము నుండి, ఏ సవ్వడుల నడుమ, ఎవరు చూచుటకు అను నాలుగు విషయములు తేలిన తరువాత గాని సాధనముల మంచిచెడ్డలు నిర్ణయింప వీలులేదు; అవి తేలిన పిమ్మట మాత్రము సగము నిర్ణయమును భౌతికశాస్త్రమే చేసిపెట్టును. ఆ శాస్త్రములో ముఖ్యమైన కొలది సూత్రములను దేవరాపల్లి పరిసరములకే అన్వయించి వివరించుట ఈ అధ్యాయపు ప్రయోజనము.

వెలుతురు కొలతలు

ఒకచోట కాంతి యెంత పడుచున్నదో చెప్పుటకు లక్సు అను మానము కలదు. నిర్మలాకాశము క్రింద మధ్యాహ్నపుటెండ సుమారు 1,00,000 లక్సులు. మబ్బు పట్టిన పగటి వెలుతురు అందులో పదియవ వంతు, ఒక్కొక్కప్పుడు ఇంకను తక్కువ. ట్యూబులైటు వెలుగు గదిలో 100 నుండి 300 లక్సుల వరకు. పున్నమి వెన్నెల లక్సులో నాలుగవ వంతు పాటిది. ఇంతటి తారతమ్యమును మన కన్ను గుర్తింపనే గుర్తింపదు. ఏలయన కనుపాప చిన్నదై పెద్దదై, లోపలి పొర తన గ్రహణశక్తిని పెంచుకొనుచు తగ్గించుకొనుచు, ఎండలోను నీడలోను లోకము ఇంచుమించు ఒక్కరీతిగనే యున్నదను భ్రాంతిని కలిగించును. కెమేరాకు ఆ నేర్పు లేదు. దానిపై ఎంత పడినదో అంతయే లెక్కించును.

సంక్రాంతి దరిదాపుల చెరకు నరకుట సాగునపుడు బెల్లము వండు పాకలోనికి కెమేరాతో ప్రవేశించిన వానికి ఈ భేదము మొదటి నిమిషముననే తెలియవచ్చును. వెలుపల గానుగ, లోపల పొయ్యి మీద వెడల్పైన పెనము, ఎండిన పిప్పిని పొయ్యిలోనికి త్రోయువా డొకడు, మరుగు రసము మీదికి తేలిన మడ్డిని గరిటెతో తీసివేయువాడు వేరొకడు, పాకంతయు ఆవిరి, పొగ, అడుగున ఎర్రని మంట. వాకిటిలో లక్ష లక్సుల ఎండ యుండగా పెనము దగ్గర నిలిచిన మనుష్యుని మొగముపై నాలుగువందల లక్సులు మాత్రమే పడుచున్న వనుకొందము. ఆ రెంటికిని భేదము 250 రెట్లు. కాంతి రెట్టింపగుటను ఛాయాగ్రాహకులు ఒక స్టాపు అందురు. ఎనిమిది మారులు రెట్టించినచో 256 రెట్లగును గనుక ఇది సుమారు ఎనిమిది స్టాపుల భేదము. ఆపైన ఎండలో తళతళలాడు ఇత్తడిపాత్ర, పాక మూలనున్న మసి, ఈ రెంటిని గూడ పోగొట్టుకొనక చూపవలెనన్న, మరి నాలుగైదు స్టాపుల వ్యాప్తి కావలయును. మేలైన పెద్ద సెన్సరు పండ్రెండు మొదలు పదునాలుగు స్టాపుల వరకు ఓర్చును; ఫోనులోని చిన్న సెన్సరు ఒక్క పటమున అంత ఓర్వజాలదు. కావున ఫోనుతో తీసినపుడు వాకిలి తెల్లని అట్టముక్కవలె మాసిపోవుటయో, మనుష్యుడు నల్లని నీడగా మిగులుటయో సంభవించును.

దీనికి ఖర్చులేని చికిత్స కలదు. వాకిటికి వీపు పెట్టి కెమేరా నిలిపినచో, వాకిటి వెలుగే వంటవాని మొగముపై మెత్తగా పడి, ఎండ చట్రములోనికే రాక, ఎనిమిది స్టాపుల చిక్కు తనంతట తాను విడిపోవును. ఆవిరిని మాత్రము చూపదలచినచో దీనికి విరుద్ధముగా చేయవలయును. ఆవిరిలోని సన్నని నీటిబిందువులు తమపై పడిన కాంతిలో అధికాంశమును ముందువైపునకే చెదరగొట్టును గనుక, వెలుగు ఆవిరి వెనుకనో ప్రక్కనో యుండి మనవైపు వచ్చుచున్నపుడే ఆ తెర మెరయుచు కనబడును; వెలుగు మన వీపువైపు నుండి పోయినపుడు అది కనుమరుగగును. ఒకే పెనమును రెండు వైపుల నుండి తీసి చూచిన వాడు, ఏ ప్రకటనయు నేర్పజాలని పాఠమును నేర్చుకొనును.

ఫోటానుల లెక్క

కాంతి ఫోటానులను కణముల రూపమున వచ్చుచుండును. అవి ఎడతెగని ధారగా గాక, ఒక్కొక్కటిగా, యాదృచ్ఛికముగా వచ్చి పడును. సెన్సరులోని ఒక గడిపై సగటున 10,000 ఫోటానులు పడవలసియున్నచో, నిజముగా పడునవి ఆ సంఖ్యకు దాని వర్గమూలమగు 100 మేరకు అటునిటుగా నుండును. అనగా దోషము నూటికి ఒకటి. 100 మాత్రమే పడవలసిన చీకటిలో ఆ హెచ్చుతగ్గు 10. అనగా నూటికి పది. రాత్రివేళ తీసిన చిత్రములలో ఇసుక చల్లినట్లు కనబడు గరుకుదనమునకు ముఖ్యకారణ మిదియే. ఐ.ఎస్.ఓ. అను అంకెను పెంచినంత మాత్రమున కాంతి పెరుగదు. వచ్చిన కొద్ది సంకేతము హెచ్చింపబడును, దానితోపాటు గరుకును హెచ్చును.

కావున చీకటిలో జయించు మార్గము ఫోటానులను ఎక్కువగా పట్టుటయే. పెద్ద సెన్సరు ఎక్కువ పట్టును. ఫుల్ ఫ్రేమ్ అని పిలువబడు సెన్సరు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలిగి 864 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యము గలది, ఏ.పి.ఎస్.-సి. తరగతిది సుమారు 366. సామాన్యమైన ఫోనులోనిది 25 చదరపు మిల్లీమీటర్ల దరిదాపులలో నుండును. ఫోను ఈ లోటును లెక్కలతో పూరించుకొనును: మీట నొక్కినపుడు అది ఒక్క పటము గాక వెంటవెంటనే పలుపటములను గ్రహించి, వాటిని ఒకదానిపై నొకటి సరిపెట్టి సగటు తీయును. నిశ్చలమైన దేవాలయ గోపురమునకు ఈ ఉపాయము అద్భుతముగా పనిచేయును; చీకటిలో గజ్జెకట్టి గంతులు వేయు తప్పెటగుళ్ల దళమునకు అంతగా పనిచేయదు, ఏలయన ఒక పటమునకును మరొక పటమునకును నడుమ కాలు మరొకచోటికి పోయియుండును.

ఈ సందర్భముననే మెగాపిక్సెలుల మోహమును గూర్చి ఒక మాట. 4కే అని వ్యవహరింపబడు వీడియోలో అడ్డముగా 3,840, నిలువుగా 2,160, అనగా మొత్తము 83 లక్షలకు లోపుగనే గడులుండును. ఇరువది కోట్ల పిక్సెలులని ప్రకటించుకొను ఫోను సయితము సాధారణముగా ఆ గడులను గుంపులుగా కలిపి, చిన్న సంఖ్యకు దింపియే చిత్రమును వ్రాయును. కోటి ఇరువది లక్షల పిక్సెలులు గల పాత కెమేరా గోడకు వ్రేలాడదీయదగిన పటమునకు చాలును. ఆ సంఖ్యను చూచి సాధనమును కొనుట వ్యర్థము.

లెన్సు ప్రభావము

కాంతిని పట్టుటలో సెన్సరు కంటెను చౌకగా సహాయపడునది లెన్సు. లెన్సు ద్వారము ఎంత విశాలమో చెప్పు ఎఫ్-సంఖ్య చిన్నదగుకొలది ద్వారము పెద్దదగును. సంఖ్య సగమైనచో కాంతి నాలుగు రెట్లగును. కెమేరాతోపాటు పెట్టెలో వచ్చు జూము లెన్సు కొనవరకు జరిపినపుడు దాని సంఖ్య సాధారణముగా 5.6. దానిని తీసి, జూము లేని 1.8 సంఖ్య గల చిన్న లెన్సును తగిలించినచో కాంతి ఇంచుమించు పది రెట్లు పెరుగును. కెమేరానే మార్చి, ఏ.పి.ఎస్.-సి. నుండి ఫుల్ ఫ్రేమునకు పోయినచో వైశాల్యము పెరుగునది రెండున్నర రెట్లకు లోపు. ఈ రెండు మార్పులలో మొదటిది ఎంతో తక్కువ వెల గలది. లాభము రెండవదానికి నాలుగింతలు. జాతర రాత్రులను చిత్రీకరింపదలచు వాడు ఈ లెక్కను కంఠస్థము చేయదగును.

ఐతే విశాలద్వారమునకు ఒక మూల్యము కలదు. ఏ.పి.ఎస్.-సి. కెమేరాపై 50 మిల్లీమీటర్ల లెన్సును 1.8 వద్ద తెరచి, రెండు మీటర్ల దూరమున నున్న మనుష్యుని తీసినపుడు, స్పష్టముగా కనబడు లోతు సుమారు 12 సెంటీమీటర్లు, అనగా జానెడు గూడ కాదు. ఒక్క మొగమును చూపుటకు ఇది శోభ. పదునైదుగురు వలయముగా తిరుగు ఆటకు ఇది శత్రువు. అట్టి ఆటకు 35 మిల్లీమీటర్లో అంతకు తక్కువో గల లెన్సుతో కొంచెము దూరముగా నిలిచి, ద్వారమును కొంత మూసి తీయుట మేలు. ఫోనులోని సూక్ష్మమైన లెన్సునకు స్వభావముచేతనే లోతు ఎక్కువ. ముందువాడును వెనుకవాడును సమానముగా స్పష్టపడుదురు. పట్టపగటి జాతర ఊరేగింపునకు ఫోనే చక్కని సాధన మనుట అతిశయోక్తి గాదు.

సెకనులో నూరు మిణుకులు

మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు గలది. ప్రతి ఆవృత్తిలోను ప్రవాహము రెండు మారులు శిఖరమునకు చేరును గనుక, పాత ట్యూబులైటును, నాసిరకపు ఎల్.ఇ.డి. బల్బును సెకనులో 100 మారులు మిణుకుమనును. కన్నునకు ఇది తెలియదు, కెమేరాకు తెలియును. షట్టరు సెకనులో 50వ వంతు కాలము తెరచియున్నచో సరిగా రెండు మిణుకులును, 100వ వంతు తెరచియున్నచో సరిగా ఒక మిణుకును ప్రతి చట్రములోను పడి, వెలుగు నిలకడగా నుండును. 60వ వంతున పెట్టినచో ఒక చట్రములో పడిన వెలుగు మరొక చట్రములో పడక, చీకటి పట్టెలు తెరపై ప్రాకుచుండును. అమెరికాలో విద్యుత్తు 60 ఆవృత్తులది. అచటి అలవాటు ననుసరించి అమర్చిన కెమేరాలు మనయింట ఈ దోషమును చూపుట కిదియే కారణము. కెమేరా కొనగానే సెకనునకు 25 చట్రములు, షట్టరు 50వ వంతు అని అమర్చుకొనుట రూపాయి ఖర్చులేని గొప్ప మరమ్మతు.

పగటిపూట మరియొక చిక్కు వచ్చును. షట్టరును 50వ వంతున నిలిపి, ఐ.ఎస్.ఓ. 100గా నుంచినపుడు, నిండు ఎండలో సరియైన చిత్రమునకు ద్వారము ఎఫ్-22 దాక మూసికొనవలయును. మొగమును మృదువుగా చూపుటకై 2.8 వద్ద తెరువదలచినచో ఆరు స్టాపులు, అనగా 64 రెట్లు కాంతి అధికమగును. అప్పుడు లెన్సుముందు తగిలించు బూడిదరంగు గాజుతొడుగు, ఎన్.డి. ఫిల్టరు అనునది, అవసరము. రైవాడ నీటిపై మధ్యాహ్నపు తళుకును వీడియో తీయదలచు వానికి అది మరింత ఖరీదైన కెమేరా కంటె ఉపయోగకరము.

గానుగ చక్రమును చిత్రీకరించునపుడు ఆకులు వంగినట్లు కనబడుట పలువురు గమనించియుందురు. సెన్సరులోని గడులన్నియు ఒక్క క్షణమున చదువబడవు. నాట్లు వేయు స్త్రీలు ఒక వరుస ముగించి మరొక వరుసకు వెనుకకు జరిగినట్లు, సెన్సరు పై వరుస నుండి క్రింది వరుసకు క్రమముగా చదువబడును. ఈలోపల చక్రము కొంత తిరిగియుండును గనుక దాని పైభాగము ఒక క్షణమునకు, క్రిందిభాగము మరొక క్షణమునకు చెందినదై వంకర తేలును. వేగముగా చదువు సెన్సరు గల కెమేరాలలో ఈ వికారము తక్కువ; చక్రమునకు ఎదురుగా గాక కొంచెము ఓరగా నిలుచుట సామాన్యుని ఉపాయము.

ధ్వని

ఇంతవరకు చెప్పినదంతయు బొమ్మను గూర్చి. అయినను చూచువాడు బొమ్మలోని లోపమును క్షమించునంత సులభముగా మాటలోని లోపమును క్షమింపడు. కొంచెము గరుకుగా నున్న చిత్రములో వృద్ధుడు చెప్పు కథ స్పష్టముగా వినబడినచో జనులు తుదివరకు విందురు. అద్దమువంటి చిత్రములో మాట గాలిహోరున కలిసిపోయినచో అర్ధనిమిషములో విడిచిపోవుదురు. కొనుగోలుదారులు చేయు సర్వసాధారణమైన పొరపాటు ధనమంతయు కెమేరాపై వెచ్చించి మైకును మరచుట.

ధ్వనికి మూలసూత్రము దూరము. ఆరుబయట ఒక గొంతు నుండి వెలువడిన ధ్వని నలుదెసల వ్యాపించుటచేత, దూరము రెట్టింపైనచో దాని తీవ్రత నాలుగవ వంతగును. డెసిబెలులలో చెప్పినచో 6 తగ్గును. రెండు మీటర్ల దూరమున ఫోను పట్టుకొని తీయుచున్న వాని ఎదుట బెల్లము వండు వృద్ధుడు మాటాడుచున్నాడనుకొనుడు. ఆయన చొక్కాకు, నోటికి 25 సెంటీమీటర్ల దూరమున, కాలర్ మైకు నొకదానిని తగిలించినచో దూరము ఎనిమిదవ వంతగును. గొంతు తీవ్రత 64 రెట్లు, అనగా 18 డెసిబెలులు పెరుగును. వెలుపలి గానుగ హోరు మాత్రము రెండుచోట్లను ఇంచుమించు సమానమే. ఆ వ్యత్యాసమును ఏ ఖరీదైన కెమేరాయు, తరువాత కంప్యూటరుపై చేయు ఏ శుద్ధియు, అంత సహజముగా తేజాలవు. తీగతో ఫోనునకు తగిలించు సామాన్యమైన కాలర్ మైకు ఈ పనిని చేయును.

దీనిలో నుండు గుండె ఎలెక్ట్రెట్ అను పదార్థము. శాశ్వతముగా విద్యుదావేశమును నిలుపుకొను పలుచని పొరతో మైకును చేయు పద్ధతిని 1962లో బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్టు, గెర్‌హార్డ్ సెస్లర్ అను వారు కనిపెట్టిరి. మైకులు చిన్నవియు చౌకయు అగుటకు ఆ పరిశోధనయే బాట వేసెను.

తుపాకిగొట్టము వంటి పొడవైన మైకును గూర్చి ఒక అపోహ కలదు. అది దూరపు శబ్దమును దగ్గరకు లాగునని పలువురి నమ్మకము. అది లాగదు, ప్రక్కల నుండి వచ్చు ధ్వనులను, గొట్టము చీలికల గుండ ప్రవేశించి ఒకదానినొకటి రద్దుచేసికొనునట్లు చేయుటచేత, తగ్గించును. ఎదుటి శబ్దమైనను దూరమైనకొలది బలహీనమే. పైగా హెచ్చుస్థాయి ధ్వనులకు తప్ప, ఇంజను హోరువంటి మంద్రధ్వనులకు దాని దిక్కు పట్టింపు సన్నగిల్లును. దానిని కెమేరాపై బిగించి పది అడుగుల దూరము నుండి వాడుటకంటె, కర్రకు కట్టి చట్రమునకు పైన, మాటాడువాని తలకు మూరెడు దూరమున పట్టుట శ్రేష్ఠము.

గాలి వేరొక శత్రువు. రైవాడ గట్టుపై నిలిచి మాటాడునపుడు గాలి మైకు పొరను నేరుగా తాకి గుబగుబమను సవ్వడి చేయును. బొచ్చు తొడుగు తొడిగినచో వెంట్రుకల నడుమ గాలి వేగము విరిగి, మైకు చుట్టు నిశ్చలమైన వాయువు మిగులును. ధ్వనితరంగము మాత్రము ఆ బొచ్చు గుండ నిరాటంకముగా పోవును. మైకులో గాని రికార్డరులో గాని 80 లేక 100 హెర్ట్జులకు లోపలి ధ్వనిని తగ్గించు మీట యున్నచో దానిని వేయుట మంచిది. తీగలేని కాలర్ మైకులలో అధికభాగము 2.4 గిగాహెర్ట్జుల రేడియో తరంగములపై పనిచేయును. ఆ తరంగములను నీరు పీల్చుకొనును, మన దేహములో అధికాంశము నీరే. అందుచేత పంపు పెట్టెను వీపున కట్టి మనుష్యుడు కెమేరావైపు తిరిగి నిలిచినచో మాట తెగితెగి వచ్చును. రెండు పెట్టెలును ఒకదాని కొకటి కనబడునట్లుంచిన ఆ బాధ యుండదు.

తప్పెటగుళ్ల ఆటలో పరీక్ష మెల్లని మాటను పట్టుటకు విపరీతమైనది. రేకుతో చేసిన తప్పెటను రొమ్మున కట్టుకొని రెండు చేతులతో వాయించుచు, కాళ్ల గజ్జెలతో తిరుగుచు, పాడుచు ఆడు ఆ కళ ఉత్తరాంధ్రమునకు అలంకారము. ఒక్కొక్క దెబ్బ సెకనులో వెయ్యవ వంతున శిఖరమునకు చేరును. గొంతునకు సరిపోవునట్లు మైకు స్థాయిని పెంచియుంచినచో ఆ శిఖరములు నరికినట్లగును. నరకబడిన ధ్వనిని ఏ విద్యయు తిరిగి తేలేదు. శిఖరములు పరమావధికి 12 డెసిబెలులు లోపుగ నుండునట్లు ముందే స్థాయిని తగ్గించుట క్షేమము. 24 బిట్ల రికార్డింగులో నిశ్శబ్దమునకును శిఖరమునకును నడుమ సిద్ధాంతరీత్యా 144 డెసిబెలుల ఎడముండుటచేత ఇట్లు తగ్గించుటవలన నష్టము లేదు. 32 బిట్ ఫ్లోట్ అను పద్ధతిలో వ్రాయు రికార్డరులు ఈ చింతను చాలవరకు తొలగించినవి. ఐనను మైకు పొర తాను ఓర్వగలిగినంతకు మించి అదిరినచో ఆ పద్ధతియు కాపాడలేదు. ఇవన్నియు సరిగా నున్నవో లేవో తెలియుటకు ఒక్కటే మార్గము: చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని వినుట. వినక తీయువాడు చూడక తీయువానితో సమానుడు.

బొమ్మకు మాటను జతపరచుట

మైకు ధ్వనిని వేరొక పెట్టెలో వ్రాసినపుడు దానిని బొమ్మతో జతపరుపవలయును. ఈ సమస్య మన వారికి క్రొత్త గాదు. మచిలీపట్టణమున జన్మించి మద్రాసులో ఛాయాచిత్రశాల నడపిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి ప్రదర్శనలు సాగించెను. అందు బొమ్మ ఫిల్ముచుట్ట నుండియు ధ్వని గ్రామఫోను పళ్లెము నుండియు వచ్చును. రెంటిని ఒకే వేగమున నడపుటయే ఆ యంత్రపు నేర్పు. 1932లో విడుదలయిన ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు చిత్రము మాట నేర్చెను. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖపట్టణపు ఆ పేటలోని వాసులనే నటులుగా నిలిపి, వారి మాటను చిత్రీకరణస్థలముననే పట్టుకొనుటచేత, ఉత్తరాంధ్రపు యాస తెరపై సహజముగా పలికినది.

ఒంటరిగా తీయువాడు చేయవలసిన పని సులభము: చిత్రీకరణ మొదట కెమేరా ఎదుట చేతులతో ఒకమారు చప్పట్లు కొట్టుట. చేతులు కలిసిన చట్రమును, రికార్డరులో శబ్దము పొడసూపిన బిందువును ఒకచోటికి చేర్చినచో రెండును కలియును. ఇక్కడనే ధ్వని వేగమును గమనింపవలయును. 30 సెంటీగ్రేడు డిగ్రీల ఎండలో అది సెకనునకు సుమారు 349 మీటర్లు. 25 చట్రముల వీడియోలో ఒక్కొక్క చట్రపు కాలములో అది 14 మీటర్లు నడచును. 70 మీటర్ల దూరము నుండి జూము చేసి డప్పులను తీసినచో, కర్ర తాకిన అయిదు చట్రముల తరువాత గాని శబ్దము వినబడదు. దూరము నుండి బొమ్మ, దగ్గర నుండి ధ్వని తీసి కలుపుటయే దానికి విరుగుడు.

నిలువ, శక్తి, తేమ

4కే వీడియో సెకనునకు 100 మెగాబిట్ల వేగమున వ్రాయబడినచో గంటకు 45 గిగాబైట్లగును. 64 గిగాబైట్ల కార్డు గంటన్నరకు లోపుననే నిండిపోవును. ఆ వేగమునకు సెకనుకు 12.5 మెగాబైట్లు చాలును గనుక వి30 గుర్తు గల కార్డు, అనగా సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గని వేగము గలది, ధారాళముగా సరిపోవును. అంతకు మించిన వెల పెట్టుట అనవసరము. జాతర ముగిసిన రాత్రియే తీసిన వీడియోను రెండు వేరువేరు డిస్కులపైకి ఎక్కించుకొనుట నియమముగా పెట్టుకొనవలయును. పల్లెలో కరెంటు పోవుట కలదు గనుక అదనపు బ్యాటరీ అదనపు లెన్సు కంటె ముందు కొనదగినది. వేసవి ఎండలో కెమేరాయు ఫోనును వేడెక్కి ఆగిపోవును. గొడుగు నీడ చాలు మందు. సముద్రతీర మండలముల తేమలో లెన్సు లోపల బూజు పట్టును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో దాచుటయు, వాటిని అప్పుడప్పుడు మార్చుటయు అవసరము. చలివేళ వెలుపలి నుండి బెల్లపు పాకలోనికి పోయినపుడు లెన్సుపై ఆవిరి కమ్మును. గుడ్డతో తుడుచుటకంటె కొన్ని నిమిషములు వేచియుండి గాజును వేడెక్కనిచ్చుట యుక్తము.

కొనుగోలు క్రమము

పైన చెప్పిన సూత్రములనుబట్టి కొనుగోలు క్రమము తనంతట తాను ఏర్పడుచున్నది. చేతనున్న ఫోనునే కెమేరాగా నుంచుకొని, మొదట కాలర్ మైకును దాని బొచ్చు తొడుగును, తరువాత గట్టి ట్రైపాడును, ఆపైన హెడ్‌ఫోనును కొనవలయును. ఈ మూడును చేరిన పిమ్మట, ఒక పూర్తి చెరకు కాలము వాటితో పనిచేసి, తన చిత్రములు ఎక్కడ ఓడిపోవుచున్నవో పరిశీలింపవలయును. రాత్రి ఆటలలో ఓడిపోవుచున్నచో, వాడినదైనను సరే, లెన్సు మార్చుటకు వీలైన కెమేరాను, 1.8 సంఖ్య గల లెన్సును కొనుట సమంజసము. గదిలోని సంభాషణలలో ఓడిపోవుచున్నచో మిణుకని ఎల్.ఇ.డి. దీపము నొకదానిని కొనవలయును. వాద్యములలో ఓడిపోవుచున్నచో ప్రత్యేకమైన రికార్డరు కావలయును. ఎక్కడను ఓడిపోవుట లేదన్నచో ఏమియు కొననక్కరలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి వంటి పల్లె నుండి వెలువడిన వీడియోలు తెలుగునేల నలుమూలల ఆదరణ పొందుటకు అచటి మనుష్యులును, వారి మాటయు కారణము. సాధనములు ఆ మాటను చెడగొట్టక అందించినవి, అంతవరకే వాటి కర్తవ్యము.

చదువరులకు నా విన్నప మిది. మీ ఊరిలో తప్పెట పట్టిన చేతులు, గరిటె త్రిప్పుచు బెల్లపు పాకము వ్రేలితో పరీక్షించు చేతులు, పూర్వపు పదములను తప్పులేక పాడు గొంతులు ఇప్పటికిని ఉన్నవి. మేలైన యంత్రము కొన్న తరువాత చూతమని కాలము గడపినచో యంత్రము వచ్చును గాని వారుండకపోవచ్చును. వారి అనుమతి నడిగి, ఎదుట కూర్చుండి, చొక్కాకు ఒక చిన్న మైకు తగిలించి, వెలుగు వారి మొగముపై పడునట్లు ఫోనును నిలిపి, ఈ సంక్రాంతికే పని ప్రారంభింపుడు. కెమేరాను తరువాత కొనవచ్చును.